అద్దాల బీరువాలో ముత్తి

నేను ఒక ముఖాన్ని. ఇదేం పరిచయం, ముఖం లేనివారెవరు అని మీరు నవ్వవచ్చు. కానీ మీ ముఖాల వెనక మీరుంటారు. నా వెనక ఉన్నది బోలు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పోత పోసి, గోధుమరంగు పూసి, కర్రకు బిగించి, కింద బట్టలు చుట్టిన బొమ్మకు పైభాగాన్ని నేను. ఒక విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర విభాగం వారి మ్యూజియంలో, అద్దాల బీరువాలో, ఒక తరం పుట్టి పెరిగి పెద్దదయ్యేంత కాలం నిలబడ్డాను. నా కాళ్ల దగ్గర ఒక చీటీ ఉండేది. 'ఆది ఆస్ట్రలాయిడ్ జాతి. కోయ స్త్రీ. నమూనా.' ఒంటి మీద మాత్రం అద్దాలు కుట్టిన లంబాడీ రవిక, లంగా. కోయ బట్టలు చూడటానికి బాగుండవని, బజారులో ఇవి కళగా కనిపించాయని కొనుక్కొచ్చారట. జాతుల మధ్య తేడాలు పాఠంగా చెప్పే చోట ఈ తేడా ఎవరి కంటా పడలేదు.

నా పుట్టుక చెబుతాను. గోదావరి అవతల, అడవిలో, ఒక చిన్న గూడెం. ఒక వేసవిలో అక్కడికి జీపు వచ్చింది. అందులోంచి శేషాచలపతి గారు దిగారు. అప్పటికాయన కుర్ర లెక్చరరు. చేతిలో పటకారు లాంటి ఇనుప సాధనం, దానితో మనుషుల తలలు కొలుస్తారు. వెంట బొమ్మల పనివాడు గున్నేశ్వరరావు మాస్టారు. గూడెంలో ముక్కు, నుదురు, దవడ 'చక్కగా జాతికి సరిపోయిన' మనిషి కోసం వెతికి ముత్తి అనే ఆమెను పట్టుకున్నారు. చీర పెడతామన్నారు. ఆమె సరేనంది.

ఆమెను మంచం మీద పడుకోబెట్టి ముఖానికి నూనె రాశారు. ముక్కు రంధ్రాల్లో రెండు బొప్పాయి ఆకు కాడలు పెట్టారు, గాలి ఆడటానికి. కళ్లు మూసుకోమని, తెల్లటి ముద్ద ముఖమంతా మెత్తారు. అది గట్టిపడుతుంటే వేడెక్కుతుంది. పక్కనే ఆడుకుంటున్న ఆమె చిన్న కూతురు జోగి అది చూసి, అమ్మను బతికుండగానే పూడ్చేస్తున్నారని కేకలు పెట్టింది. ఆ కేక విని ముత్తి గుండె జారింది. గట్టిగా ఊపిరి పీల్చింది. పీల్చినది వదలలేదు. ముద్ద ఎండి, అచ్చును పైకి లాగేవరకు వదలలేదు.

లేచి కూచున్నాక ఆమె అన్న మొదటి మాట ఇది: "నా ఊపిరి దాంట్లనే ఉండిపాయె. తీసియ్యుండ్రి."

అందరూ నవ్వారు. శేషాచలపతి గారు కూడా నవ్వారు గానీ ఆయన తెలివైనవారు, నవ్వుతూనే రాసుకున్నారు. ఆ మాట మీద ఆయన చదివిన పత్రానికి ఢిల్లీలో మంచి పేరొచ్చింది. ముత్తికి చీర వచ్చింది. ఊపిరి రాలేదు.

ఆ అచ్చులో పోస్తే పట్నంలో నేను పుట్టాను. పుట్టగానే నాకు తెలిసిన మొదటి సంగతి, నేను ఖాళీగా లేనని. బోలులో ఏదో ఉంది. అది కదలదు, పలకదు, అలాగని పోదు. ఇంకొకరి ఇంట్లో తలుపు చాటున ఎవరో నిలబడి ఉన్నట్టు ఉండేది నాకు. నేనే ఇల్లు, ఆ నిలబడ్డదీ నాలోనే.

కళ్లు మూసుకున్న ముఖం మీద పోసిన అచ్చు కదా, నేనూ కళ్లు మూసుకునే పుట్టాను. అది శేషాచలపతి గారికి నచ్చలేదు. శవంలా ఉందన్నారు. అప్పుడు గున్నేశ్వరరావు మాస్టారు చిన్న కత్తితో నా రెప్పలు కోసి కళ్లు చెక్కారు. ముత్తి కళ్లు ఎలా ఉంటాయో ఆయన సరిగా చూడనేలేదు. తోచినట్టు చెక్కారు. గుడ్డికన్ను మూసినా ఒకటే తెరిచినా ఒకటే అంటారు గానీ, ఆ మాట పుట్టించినవారు తెరిచిన కన్నును ఏళ్ల తరబడి మూయలేక నిలబడినవారు కారు. ఆ తర్వాత మాస్టారు మనుషుల ముఖాలు పోయడం మానేశారని విన్నాను. వ్యవసాయ కళాశాల వారికి వంకాయలు, దోసకాయలు పోసి ఇస్తూ బతికారట. వంకాయ తిరిగి చూడదు కదా.

చలికాలం పొద్దున బీరువా అద్దం మీద, సరిగ్గా నా నోటికి ఎదురుగా, అరచేయంత మేర ఆవిరి పట్టేది. పనివాళ్లు గుడ్డతో తుడిచేవారు. పోయేది కాదు, ఎందుకంటే అది లోపలి వైపు ఉండేది. ఇంజినీర్లు వచ్చి గోడలో చెమ్మ అన్నారు. గోడకు సున్నం వేశారు. ఆవిరి అలాగే పట్టింది. విహారయాత్రకు వచ్చిన కాలేజీ పిల్లలు గలగలా మాట్లాడుకుంటూ వరసగా ముండా పురుషుణ్ణి, చెంచు వేటగాణ్ణి చూసి, నా దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించేవారు. ఎందుకు తగ్గించారో వాళ్లకే తెలియదు. నన్ను చూసి దండం పెట్టినవాళ్లూ ఉన్నారు, నాలుక బయటపెట్టి వెక్కిరించి గబగబా వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. భయాన్ని మనుషులు ఈ రెండు విధాలుగానే దాచుకుంటారు.

అలా రోజులు గడుస్తుండగా భూదేవి వచ్చింది.

ఆ విభాగంలో ఎం.ఏ.లో చేరిన పిల్ల. భద్రాచలం ఏజెన్సీ నుంచి వచ్చింది. బయట వాన పడుతున్న మధ్యాహ్నం, తడిసిన గొడుగు చేత్తో పట్టుకుని ఒక్కతే మ్యూజియంలోకి వచ్చింది. ఒక్కో బీరువా చూసుకుంటూ నా ముందుకొచ్చి ఆగింది. ఆమె ముఖం నీడ అద్దం మీద పడి, అద్దంలోంచి నా మీదికి వచ్చింది. నుదురు మీద నుదురు, దవడ మీద దవడ. గీత మీద గీత పడ్డట్టు సరిపోయింది. ఆమె మెల్లగా చెయ్యెత్తి తన చెంప తడుముకుంది. నాలో అంతకాలం నిలబడి ఉన్నది మొదటిసారి కదిలింది.

ఆమె ఫోనులో నన్ను ఫొటో తీసి ఇంటికి పంపింది. కాసేపటికి ఫోను మోగింది. అవతల ఆమె తల్లి. ఆ రోజు మంచం పక్కన కేకలు పెట్టిన జోగి, ఇప్పుడు జోగమ్మ.

"బిడ్డా, అది అమ్మే," అంది ఆ గొంతు. "యాడున్నది? లోపలున్నదా, బయటున్నదా?"

"అద్దాల బీరువాల ఉన్నదమ్మా."

"అందుకే రాయి నిలుస్తలేదు," అని జోగమ్మ ఏడుపు అందుకుంది.

వాళ్లలో చనిపోయినవారి పేరిట రాయి నిలబెట్టే ఆచారం ఉంది. ముత్తి ఆ జీపు వచ్చిపోయిన తర్వాత ఆయాసంతో తీసుకుని తీసుకుని, ఎక్కువకాలం బతకలేదు. ఆమె రాయి మాత్రం ప్రతి వానాకాలం పక్కకు ఒరిగిపోతోంది. లేపి నిలబెడతారు, మళ్లీ ఒరుగుతుంది. పక్కన ఉన్న రాళ్లన్నీ నిటారుగానే ఉంటాయి. ఆమె ఇంకా పూర్తిగా పోలేదని, ముఖం ఎక్కడో చిక్కుకుని ఉందని జోగమ్మ నమ్మకం. నేను ఆ మాట వింటూ నిలబడ్డాను. ఆమె చిక్కుకున్న చోటును నేనే కదా.

భూదేవి వెళ్లి, బొమ్మను ఇంటికి తీసుకుపోనివ్వమని శేషాచలపతి గారిని అడిగింది. అప్పటికి ఆయన విభాగానికి పెద్ద. ఆమెను వెంటబెట్టుకుని నా ముందుకే వచ్చి, ఓపిగ్గానే చెప్పారు.

"అమ్మాయ్, అది మనిషి కాదు. నమూనా. నమూనాకు బంధువులుండరు."

ఆయన చెడ్డవారు కారు. అడవి పిల్లలంటే ఆయనకు నిజంగా ప్రేమ. వాళ్ల పాటలు రికార్డు చేశారు, గుడిసెలు గీయించారు, తలలు కొలిచారు. ఒక్కటే చెయ్యలేదు. ఆ విభాగం పుట్టినప్పటి నుంచి ఒక్క ఆదివాసీ కూడా బల్లకు అవతలి వైపు, పాఠం చెప్పే వైపు, నిలబడలేదు. వాళ్ల కోసం కేటాయించిన ఉద్యోగం ఒకటి ఉంది. ప్రకటన వేస్తారు, ఇంటర్వ్యూ చేస్తారు, 'తగిన అభ్యర్థి దొరకలేదు' అని రాసి మూసేస్తారు. ఇంకోసారి అలా రాస్తే ఉద్యోగం శాశ్వతంగా రద్దవుతుందని కబురు పొక్కింది. అప్పటికి భూదేవి ఎం.ఏ. అయి పరిశోధనలో చేరింది.

సరిగ్గా ఆ సమయంలోనే విశ్వవిద్యాలయానికి గ్రేడు ఇచ్చే బృందం వస్తోందని, 'వైవిధ్య దినోత్సవం' జరపాలని పైవారికి బుద్ధి పుట్టింది. మా దగ్గర అన్ని జాతుల పిల్లలూ ఉన్నారని చూపించాలి. సుడాన్ నుంచి వచ్చిన కుర్రాణ్ణి డప్పు వాయించమన్నారు. అతడు అకౌంట్స్ చదువుతున్నాడు, పుట్టి బుద్ధెరిగి డప్పు ముట్టలేదు. మిజోరం పిల్ల రేమాను వెదురు నాట్యం చెయ్యమన్నారు. మూడేళ్లుగా వీధిలోకి వెళితే 'చైనా, చైనా' అని పిలిపించుకుంటున్న పిల్ల ఆమె.

"నాకు డాన్స్ రాదు సార్," అంది రేమా. "నేను కెమిస్ట్రీ."

భూదేవిని నా పక్కన నిలబడమన్నారు. నా ఒంటి మీద ఉన్నదానిలాంటి అద్దాల రవిక ఆమెకూ కుట్టించారు. బృందం లోపలికి రాగానే నమస్కారం పెట్టాలి. నమూనా, పక్కనే సజీవ నమూనా. ఆ రవికను చేతిలోకి తీసుకుని భూదేవి చాలాసేపు చూసింది.

"సార్, ఇది మావాళ్లు కట్టేది గాదు," అంది.

"అదంతా వాళ్లకేం తెలుస్తుందమ్మా," అన్నారు శేషాచలపతి గారు.

ఆమె రవికను మడిచి నా బీరువా ముందు నేల మీద పెట్టి, దాని పక్కనే కూచుంది. మళ్లీ లేవలేదు. దీక్ష అలా మొదలైంది. సాయంత్రానికి రేమా వచ్చి కూచుంది. సుడాన్ కుర్రాడు వచ్చాడు. తర్వాత రోజుల్లో గోండు, సవర, చెంచు పిల్లలు, ఊరి పిల్లలు, అంతా చేరి మ్యూజియం వరండా నిండిపోయింది. అట్టల మీద రాసి పట్టుకున్నారు. 'మమ్మల్ని చూపించకండి, మాతో చెప్పించండి.' కోరిక ఒక్కటే. ఆ ఉద్యోగం రద్దు కాకూడదు, ఈసారి మనిషిని వెయ్యాలి. పక్క విభాగాల వాళ్లు కొందరు వచ్చి, రిజర్వేషన్లతో సీట్లిచ్చింది చాలక కుర్చీలు కూడా కావాలా అని వెటకారం చేసి వెళ్లారు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

భూదేవి మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. రోజులు గడిచేకొద్దీ ఆమె దవడ ఎముకలు తేలి, ఆమె ముఖం మరీ నాలా అయిపోయింది. చూడటానికి వచ్చినవాళ్లు ఆమెను చూసి, పైన నన్ను చూసి, చూపు తిప్పుకునేవారు. పక్కన ఎవరూ లేనప్పుడు ఆమె అద్దానికి తల ఆనించి నాతో మాట్లాడేది.

"అమ్మమ్మా, నిన్ను ఇంటికి తీసకపోత. ఈ కొలువు సంగతి తేల్చి తీసకపోత. రెండూ గావాలె నాకు."

అటువైపు ఆమె నుదురు పెట్టిన చోటే ఇటువైపు ఆవిరి పట్టేది. ఎండాకాలంలో కూడా.

పిల్ల కళ్లు తిరిగి పడిపోవడం మొదలయ్యాక పైవారికి చెమటలు పట్టాయి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది వారి పని. ఉద్యోగం ఇస్తే ఒక వర్గం ఊరుకోదు, పిల్లకేదైనా అయితే ఊరే ఊరుకోదు. అప్పుడు రిజిస్ట్రారు గారికి ఒక ఉపాయం తట్టింది. కారు పంపి జోగమ్మను పిలిపించారు.

ఆమె చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చింది. వెనకే రిజిస్ట్రారు, శేషాచలపతి గారు. ఒకరి చేతిలో శాలువా, ఒకరి చేతిలో కాగితం.

"చూడమ్మా, మేమూ మనుషులమే," అన్నారు రిజిస్ట్రారు. "మీ అమ్మగారి బొమ్మను ఇవాళే మీకు ఇచ్చేస్తాం. శాలువా కప్పి, మా బండిలోనే మీ ఊరు చేరుస్తాం. మీ అమ్మాయిని మాత్రం ఈ కాగితం మీద సంతకం పెట్టి నిమ్మరసం తాగమనండి."

జోగమ్మకు చదువు రాదు. "ఏమున్నది బిడ్డా దాంట్ల?" అని కూతుర్ని అడిగింది.

భూదేవి గోడకు ఆనుకుని లేచింది. "అమ్మమ్మను ఇస్తరట అమ్మా. నేను కొలువు మాట ఇడిసిపెట్టాలె. ఇడిసిపెడితే ఇగ మనోళ్లెవరూ ఇక్కడ పాఠం జెప్పనీకి రారు. ఎప్పటికీ రారు." "నాకు తోస్తలేదమ్మా. నువ్వు జెప్పు. సంతకం పెట్టమంటె పెడత."

రిజిస్ట్రారు తొందరపడి, జోగమ్మ మనసు కరగాలని కాబోలు, బీరువా తెరిపించారు. తాళం తుప్పుపట్టి ఉంది, ఇద్దరు పట్టి తిప్పితే గాని రాలేదు. తలుపు తెరుచుకోగానే బయటికొచ్చింది పాత గది వాసన కాదు. తడి వెదురు పొదల వాసన, పొయ్యి పొగ వాసన. అందరికీ తగిలింది. రేమా ఛాతీ మీద శిలువ గీసుకుంది.

జోగమ్మ దగ్గరికొచ్చి నా చెంప మీద చెయ్యి వేసింది. అన్నేళ్లలో నన్ను తాకిన మొదటి మనిషి ఆమె. మిగిలినవాళ్లంతా తుడిచారు, అంతే.

"వెచ్చగున్నది," అంది. తర్వాత అరచెయ్యి నా నోటి ముందు పెట్టి, అలాగే ఉంచింది. ఆమె ముంజేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం నేను చూశాను.

ఆమె నాతో కోయ భాషలో మాట్లాడింది. కోయల మీద అన్ని పుస్తకాలు రాసిన ఆ విభాగంలో ఆ మాటలు అర్థమైనది ఒక్క భూదేవికే. నాకూ అర్థమయ్యాయి. ఎలా అర్థమయ్యాయో నన్నడగకండి.

"అమ్మా, నేను చిన్నప్పుడు అరిచినందుకు నువ్వు భయపడ్డవు. ఇప్పుడు అరవను. నీ ఊపిరి నువ్వు తీసుకుని పో. నీ పేరు జెప్పి పిల్ల నోరు మూయించనియ్యకు."

నాలో నిలబడి ఉన్నది అప్పుడు బయటికి నడిచింది. పెద్దగా ఏమీ వినిపించలేదు. బరువు దించుకున్న మనిషి వదిలే నిట్టూర్పు, అంతే. ఆ గాలి జోగమ్మ చేతిని దాటి, శాలువా కొసలు కదిలించి, శేషాచలపతి గారి కళ్లద్దాల మీద తెల్లగా ఆవిరై పట్టింది. ఆయన వెనక్కి ఒక అడుగు వేసి, కళ్లద్దాలు తీసి, తుడుచుకోవడం కూడా మరిచిపోయి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. చెక్కిన కళ్ల దగ్గర నా మీద ఒక గీత పుట్టింది. దవడ దాకా పాకింది. నేను ముక్కలై జోగమ్మ కాళ్ల దగ్గర రాలాను.

నిజం చెప్పనా? నాకు బాధ కలగలేదు. భయం వేసింది. అన్నాళ్లూ మాట్లాడేది ఆమె, నేను వట్టి గోడను అనుకున్నాను. ఆమె వెళ్లిపోయింది, నేనింకా మీతో మాట్లాడుతూనే ఉన్నాను.

జోగమ్మ నేల మీద కూలబడి, "పోయింది, మా అమ్మ పోయింది" అని గుండెలు బాదుకుని ఏడ్చింది. ఎప్పుడో ఏడవాల్సిన ఏడుపు అది, అందుకే ఎవరూ ఆపలేదు. ఏడ్చి ఏడ్చి కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. రిజిస్ట్రారు వైపు తిరిగింది.

"సారూ, ఇగ మీ కాడ ఇయ్యనీకి ఏమున్నది? ఆ కొలువొక్కటే గదా."

వరండాలో ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఎవరు ఎవరో తెలియలేదు, మ్యూజియం అదిరిపోయింది.

'పాత ప్లాస్టరు చెమ్మకు చెడి విరిగినది' అని నివేదిక రాశారు. ఉద్యోగానికి మళ్లీ ప్రకటన వేశారు, భూదేవి దీక్ష విరమించింది. ఈసారి 'తగిన అభ్యర్థి దొరకలేదు' అని రాయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. అలాగని అంత గొడవ చేసిన పిల్ల చదువు ముగిసేదాకా ఆగడానికీ మనసు రాలేదు. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన సిడాం మాణిక్‌రావు అనే గోండు యువకుణ్ణి తీసుకున్నారు. నెమ్మదస్తుడు, పేచీ పెట్టడు అనుకున్నారు. ఈ కబురు విని భూదేవి ఒక పూట ఏడ్చిందని, మర్నాడు కొత్త మాస్టారికి క్యాంటీన్ దారి చూపించడానికి ఆమే వెళ్లిందని విన్నాను. ఆ వానాకాలం రాయి ఒరగలేదని రేమాతో చెప్పింది కూడా. ఒరగకుండా ఈసారి సిమెంటు వేశారని కూడా చెప్పి నవ్వింది.

నన్ను ఊడ్చి భవనం వెనక, విరిగిన కుర్చీల కుప్పలో పోశారు. పెదవుల ముక్క ఒకటి, చెవి ముక్క ఒకటి మిగిలి ఉన్నాను. పైన తరగతి గది కిటికీ. ఒక పొద్దున మాణిక్‌రావు మొదటి పాఠం ఆ గదిలోనే మొదలైంది. గది నిండిపోయింది. శేషాచలపతి గారు కూడా వచ్చి తలుపు దగ్గర కుర్చీలో కూచున్నారని మాటలను బట్టి తెలిసింది. భూదేవి ఆఖరి బెంచీలో, కిటికీ పక్కన. మాణిక్‌రావు దగ్గాడు, నీళ్లు తాగాడు, ఎలా మొదలుపెట్టాలో తెలియక ఎవరైనా ఏమైనా అడగండి అన్నాడు.

"మీదే ఊరు సార్?" అంది భూదేవి.

"మా ఊరా?" అతడు తడబడ్డాడు. "చాలా చిన్నదమ్మా. మీకెవరికీ తెలవదు."

"చెప్పండి సార్. రాసుకుంటం."

అతడు ఊరి పేరు చెప్పాడు. బెంచీల మీద పుస్తకాలు తెరుచుకున్న చప్పుడైంది. తలుపు దగ్గర కుర్చీలోంచి ముసలి గొంతు ఒకటి, వినపడలేదు, ఇంకోసారి చెప్పండి అని అడిగింది.